ఆ 61 రోజులూ తూములు ఎత్తకండి: ఆక్వా రైతు సోదరులకు ఒక బహిరంగ లేఖ

తీరప్రాంత ఆక్వా రైతు సోదరులకు, రొయ్య రైతు సంఘాల పెద్దలకు నమస్కారాలు.

రాత్రి మూడున్నర అయింది. నేనూ, మా చెరువు చూసే కుర్రాడూ టార్చి పట్టుకుని గట్టు మీద నిలబడ్డాం. కుర్రాడు నీళ్లలో కరిగిన ఆక్సిజన్ (డీఓ) కొలిచే మీటరు వైరు నీళ్లలోకి వదిలి, అంకె నిలబడేదాకా ఆగి, "రెండు పాయింట్ ఏడండీ" అన్నాడు. ఊపిరాడక రొయ్యలు అంచులకి వచ్చేశాయి. టార్చి వెలుగు పడ్డప్పుడల్లా వాటి కళ్లు నిప్పురవ్వల్లా ఎర్రగా మెరుస్తున్నాయి. మూడు రోజుల కిందటిదాకా ముదురాకుపచ్చగా చిక్కగా ఉన్న నీళ్లు ముందురోజు మధ్యాహ్నానికే రంగు తేలిపోయాయి. గాలివాటు మూలన జిగట నురగ కట్టింది. నీళ్లకి ఆ రంగునిచ్చే సూక్ష్మమైన జీవరాశి, ప్లాంక్టన్, చచ్చి పడిపోయింది. నీళ్లని చిలికి గాలి కలిపే ఏరియేటర్లు ఉన్నవన్నీ వేసి, పక్క చెరువు వాళ్లవి రెండు అరువు తెచ్చి, తెల్లారేదాకా అక్కడే కూర్చున్నాం. ఆ పంట సగమే చేతికొచ్చింది.

ఇలాంటి రాత్రి చూడని రైతు మనలో ఉండడు. అందుకే ఈ ఉత్తరం మీకు రాస్తున్నాను. ప్లాంక్టన్ అంటే ఏమిటో మనకి పుస్తకాలు చదివి తెలుసుకోవాల్సిన అవసరం లేదు. తవుడూ బెల్లం పులియబెట్టి చల్లి నీళ్లకి రంగు తెప్పించేది మనమే. గోధుమరంగు తిరిగితే డయాటమ్‌లు అనే మంచి రకం ప్లాంక్టన్ బాగా పడ్డాయని సంతోషించేదీ, నీలం కలిసిన పచ్చ తిరిగితే గుండె దడ మొదలయ్యేదీ మనకే. రోజూ నీటి తేట కొలిచే సెక్కీ డిస్కు అనే పళ్లాన్ని ముంచి, 30 నుంచి 40 సెంటీమీటర్ల మధ్య అది కనపడకుండా పోతే నీళ్లు బాగున్నట్టే అనుకుంటాం. ఆ డిస్కు మొదట చెరువుల కోసం పుట్టింది కాదు. 1865లో ఇటలీకి చెందిన సెక్కీ అనే మతగురువు మధ్యధరా సముద్రంలో ఓడ మీద నుంచి తెల్లటి పళ్లాలు దించి, నీళ్లు ఎంత తేటగా ఉన్నాయో చూశాడు. మన చేతిలో ఉన్నది సముద్రాన్ని చూడటానికి పుట్టిన పరికరం. దాంతో మనం చెరువునే చూస్తున్నాం. మన చెరువు నీళ్లు చివరికి ఎక్కడికి పోతున్నాయో అటు చూడటం లేదు.

నేను అడగబోయేది ముందే చెప్పేస్తాను. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మన తూర్పు తీరంలో మరపడవలకి వేట నిషేధం. 61 రోజులు. చేపా రొయ్యా గుడ్లు పెట్టుకుని పిల్లలు ఎదగాలని ఆ నిషేధం పెట్టారు. ఫిబ్రవరి, మార్చిలో సీడ్ (రొయ్య పిల్లలు) వేసిన మన వేసవి పంట పట్టుబడికి వచ్చేది కూడా సరిగ్గా ఆ రోజుల్లోనే. వాళ్లు వలలు మడతపెట్టి ఇళ్ల దగ్గర ఉన్న రోజుల్లో మనం తూములు ఎత్తి చెరువులు ఖాళీ చేస్తున్నాం. ఆ రెండు నెలలైనా పట్టుబడి నీళ్లని నేరుగా డ్రెయిన్‌లోకి వదలొద్దని నా విన్నపం. ఎందుకో కాస్త వివరంగా రాస్తాను, ఓపికగా చదవండి.

సముద్రంలో గడ్డి మేసే జీవాలకి గడ్డి ఎక్కడుంది? ఒడ్డున రాళ్లకి పట్టిన నాచూ, ఏటి మొగల్లో మడ చెట్లూ ఉన్నాయి, నిజమే. కానీ అవి అంచు వరకే. ఒడ్డు దాటి లోపలికి పోతే కోట్ల చదరపు కిలోమీటర్ల నీటికి ఉన్న పచ్చదనమంతా కంటికి కనపడని వృక్ష ప్లవకాలదే, అంటే మన చెరువుకి పచ్చరంగునిచ్చే ప్లాంక్టన్ లాంటివాటిదే. డయాటమ్‌లు వాటిలో పెద్దవి. వాటికన్నా ఎంతో చిన్నది ప్రోక్లోరోకాకస్. ఒక్క మిల్లీలీటరు సముద్రపు నీళ్లలో లక్ష దాకా ఉండగల ఈ జీవి ఉందన్న సంగతి 1980ల దాకా శాస్త్రవేత్తలకే తెలియదు. ప్రపంచంలోని ఈ ప్లవకాలన్నీ ఒకచోట పోసి తూస్తే భూమి మీది చెట్టూ చేమా బరువులో వందో వంతు కూడా ఉండవు. అయినా ఏడాదిలో ఇవి తయారుచేసే ఆహారం, భూమి మీది అడవులూ పొలాలూ అన్నీ కలిసి చేసేదానికి దాదాపు సమానం. అడవి చెట్టు వందేళ్లు బతుకుతుంది. ప్లవకం కొన్ని రోజుల్లో పుట్టి, చీలి, ఎవరో తినేస్తే పోతుంది. అందుకే దాని కొట్టు ఎప్పుడూ ఖాళీగానే కనపడుతుంది, పని మాత్రం ఆగదు.

మనం పీల్చే ఆక్సిజన్‌లో సగం సముద్రమే ఇస్తోందని చాలామంది చెబుతుంటారు. చెరువు చూసినవాడు ఆ మాట అంత తేలిగ్గా నమ్మకూడదు. మధ్యాహ్నం రెండింటికి మన చెరువులో డీఓ చూడండి, పొంగిపోతూ ఉంటుంది. తెల్లవారుజామున నాలుగింటికి చూడండి. పగలు ప్లాంక్టన్ చేసిన ఆక్సిజన్‌ని రాత్రికి ఆ ప్లాంక్టనూ, రొయ్యలూ, అడుగున కుళ్లే బురదా కలిసి తినేస్తాయి. సముద్రంలోనూ అంతే. ప్రపంచంలో తయారయ్యే ఆక్సిజన్‌లో దాదాపు సగం అక్కడ పుడుతుందన్నది నిజం. కానీ పుట్టినదంతా ఇంచుమించు అక్కడే ఖర్చైపోతుంది. సముద్రం మనకి చేసే మేలు తిండి రూపంలో ఉంది, వాతావరణంలోంచి లాక్కునే బొగ్గుపులుసు వాయువు రూపంలో ఉంది. ఆ జమాఖర్చు ఎటు తూగుతుందన్నదే అసలు విషయం. అది మనకన్నా బాగా ఎవరికి తెలుసు?

ఇప్పుడు మన బంగాళాఖాతం సంగతి. జోరుగా వాన పడితే మనం ముందు చేసే పనేమిటి? తూము పై పలక తీసి పైనీళ్లు పోనిస్తాం, ఏరియేటర్లు వేస్తాం. ఎందుకంటే వాననీరు ఉప్పునీటి మీద పొరలా తేలుతుంది, కింద ఉన్న నీటికి గాలి అందదు. బంగాళాఖాతం ఏడాదిలో ఎక్కువ భాగం అలా వాన పడ్డ చెరువులాగే ఉంటుంది. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, మన గోదావరి, కృష్ణ, అటు బర్మా నుంచి ఐరావతి, ఇన్ని నదుల మంచినీళ్లు పైన పరుచుకుని ఉంటాయి. కింద చల్లటి నీళ్లలో ఎరువంతా ఉంది, పైన ఎండంతా ఉంది, మధ్యలో ఆ పొర అడ్డం. అరేబియా సముద్రంలో గాలులు నీళ్లని గట్టిగా కలుపుతాయి కాబట్టి అక్కడ పంట ఎక్కువ, మనవైపు తక్కువ. లోసముద్రం నీలం చూసి మనం మురిసిపోతాం గానీ, నీలం అంటే పైరు లేని పొలం రంగే.

మన సముద్రానికీ ఏరియేటర్లు లేకపోలేదు. తుపాను ఒకటి. 1999 ఒడిశా సూపర్ సైక్లోన్ తర్వాత ఆ తీరం నీళ్లు పచ్చబడటం మన ఓషన్‌శాట్ ఉపగ్రహం తీసిన చిత్రాల్లో కనిపించింది. అంత వినాశనం చేసిన గాలే అడుగు నీళ్లని తిరగేసి సముద్రానికి ఎరువు వేసి పోయింది. రెండోది తుపానులా పేరు లేనిది, ఏటా వచ్చేది, విశాఖ తీరంలో జరిగేది. వేసవి ముందు నెలల్లో నైరుతి గాలి తీరం వెంట వీస్తుంటే పైనీళ్లు లోపలికి జరుగుతాయి. వాటి స్థానంలోకి అడుగు నుంచి చల్లటి నీళ్లు ఎరువుతో సహా పైకి లేస్తాయి. 1952లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చిన అమెరికన్ సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లఫాండ్ ఇక్కడి విద్యార్థులని వెంటబెట్టుకుని ఈ సంగతి కొలిచి రాశారు. ఆ తర్వాత డి.వి. సుబ్బారావు గారు వాల్తేరు దగ్గర ఒక జాతి డయాటమ్‌లు విపరీతంగా పెరిగి సముద్రం రంగే మారిపోవడాన్ని 1969లో ప్రపంచ స్థాయి పత్రికలో ప్రచురించారు. అంటే మన ఇంటి ముందు సముద్రం గురించి మనవాళ్లకి డెబ్బై ఏళ్ల నుంచీ తెలుసు. ఈ పచ్చదనం మొదలయ్యేదీ, మన పట్టుబడులు మొదలయ్యేదీ ఇంచుమించు ఒకే కాలం. పైగా ఫిబ్రవరి నుంచి మే దాకా తీరం వెంట ప్రవాహం ఉత్తరంగా సాగుతుంది. మన మొగలో వదిలింది మన మొగలోనే నిలబడి ఉండదు.

ఈ కనపడని పైరు విలువ తెలుసుకోవాలంటే రొయ్య పిల్లల్ని పుట్టించే హేచరీకి వెళ్లండి. గుడ్డులోంచి వచ్చిన పిల్ల జోయియా దశకి రాగానే దానికి పెట్టే మొదటి తిండి కీటోసెరాస్ లాంటి డయాటమ్. సముద్రపు నీళ్లలోంచి ఏరి, ఫ్లాస్కుల్లో పెంచి, ట్యాంకుల్లో గోధుమరంగు తెప్పించి పోస్తారు. ఆర్టీమియా అనే చిట్టి జీవిని పెట్టేది ఆ తర్వాత. మన పంటకి తల్లిపాలు డయాటమ్‌లే అన్నమాట. సముద్రంలో టైగర్ రొయ్య పిల్లకీ అవే తల్లిపాలు, అక్కడ పోసేవాళ్లు ఎవరూ ఉండరు, ఉంటే తింటుంది, లేకపోతే చస్తుంది. కవళ్ల చేపల సంగతీ అంతే. నూనె కవళ్లు ఎక్కువ పడే కాలానికీ ఫ్రజిలేరియా అనే డయాటమ్ బాగా పెరిగే కాలానికీ లంకె ఉందని మలబారు తీరంలో పనిచేసిన మన శాస్త్రవేత్తలు 1955లోనే రాశారు. ఇవాళ హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార కేంద్రం వాళ్లు చేపలు ఎక్కడ దొరుకుతాయో మత్స్యకారులకి తెలుగులో సమాచారం పంపేదీ ఇదే లెక్క మీద. శ్రీహరికోట నుంచి ఎగిరిన ఉపగ్రహం నీటి పచ్చదనం చూస్తుంది, నీటి వేడి ఎంతో ఇంకొన్ని ఉపగ్రహాలు చెబుతాయి, రెండూ కలిపి ఫలానా దిక్కున ఇంత దూరంలో వల వేయండి అని చెబుతారు. ఉపగ్రహానికి చేప కనపడదు. మేత కనపడుతుంది.

మేత సంచీ ధర పెరిగితే మనం కంపెనీని తిట్టుకుంటాం. మేతలో పోసే ఫిష్‌మీల్‌ని (చేపల పొడిని) ప్రపంచంలో అందరికన్నా ఎక్కువగా అమ్మేది పెరూ దేశం. అక్కడి తీరంలో విశాఖలో లాగే అడుగు నీళ్లు పైకి లేస్తాయి, కాకపోతే ఎన్నో రెట్లు ఎక్కువగా. ఆ ప్లాంక్టన్ తినే చిన్న చేప మన నెత్తళ్ల జాతిదే. 1970లో ఒక్క ఏడాది కోటి ఇరవై లక్షల టన్నులకు పైగా పట్టారు. రెండేళ్లకి ఎల్ నినో (పసిఫిక్ నీళ్లు వేడెక్కడం) వచ్చి అడుగు నీళ్లు లేవడం తగ్గింది, అప్పటికే విపరీతంగా పట్టేసిన చేప చాలా ఏళ్లు కోలుకోలేక ఆ వేట కుప్పకూలింది. 2023లోనూ ఎల్ నినో వల్ల అక్కడ మొదటి సీజన్ వేట రద్దు చేశారు. ఆ ఏడాది ఫిష్‌మీల్ ధర ఎక్కడికి పోయిందో మీకు గుర్తుండే ఉంటుంది. ఎక్కడో పసిఫిక్ సముద్రంలో డయాటమ్‌లు పెరగకపోతే ఇక్కడ మన గట్టు మీద లెక్క తప్పుతోంది.

ఇక మన వైపు నుంచి పోయే నీళ్ల సంగతి. ఎకరం చెరువులో నాలుగు అడుగుల నీళ్లంటే దాదాపు 49 లక్షల లీటర్లు. ఒక డ్రెయిన్ మీద వంద ఎకరాలు ఒకే పదిహేను రోజుల్లో పట్టుబడి అయితే 49 కోట్ల లీటర్లు. ఆ నీళ్లలో ఏముంది? మనం వేసిన మేతలోని నత్రజనిలో రొయ్య ఒంటికి పట్టేది పావు వంతుకు అటూ ఇటూగా. మిగతాదంతా నీళ్లలో, అడుగు బురదలో ఉంటుంది.

మంచిదే కదా, సముద్రానికి ఎరువు వేసినట్టే కదా అని ఒక తోటి రైతు నాతో వాదించాడు. ఆయన మాటలో తప్పు పట్టలేం, సముద్రానికి ఎరువు కావాలి. కానీ మేత ఎక్కువైన చెరువుకి ఏమవుతుందో ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. ప్లాంక్టన్ చిక్కబడుతుంది, ఒకరోజు పడిపోతుంది, ఆక్సిజన్ తీసుకుపోతుంది. ఇంకొక మెలిక కూడా ఉంది. డయాటమ్ ఒంటి చుట్టూ గాజు పెంకు ఉంటుంది, దానికి సిలికా కావాలి. అందుకే మనం చెరువుల్లో సిలికేట్ కొని వేస్తాం. సముద్రానికి ఆ సిలికా రాళ్లు అరిగి నదుల్లో రావాలి. కృష్ణలో సముద్రానికి చేరే నీళ్లు ఎంత తగ్గిపోయాయో అందరికీ తెలుసు. నత్రజనీ భాస్వరమూ పెరిగి సిలికా పెరగకపోతే డయాటమ్‌లు వెనకబడతాయి, చేపకీ రొయ్యకీ పనికిరాని రకాలు ముందుకొస్తాయి. నీళ్లు పచ్చగానే ఉంటాయి, మేత మాత్రం ఉండదు.

బంగాళాఖాతానికి ఇంకో బలహీనత ఉంది. వంద మీటర్ల లోతు దాటితే కొన్ని వందల మీటర్ల మందాన అక్కడి నీళ్లలో ఆక్సిజన్ దాదాపు లేనట్టే. దాదాపు అన్నాను, ఎందుకంటే కొద్దిగా ఉంది. గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ వారూ పాల్గొన్న ఒక అంతర్జాతీయ పరిశోధన 2016 చివర్లో వెలువడింది. మామూలు మీటర్లకి అందనంత సన్నటి జాడగా ఆక్సిజన్ మిగిలి ఉందనీ, ఆ జాడ కూడా పోతే నీళ్లలోని నత్రజని ఎరువు వాయువుగా మారి ఎగిరిపోతుందనీ అందులో తేల్చారు. అరేబియా సముద్రంలో అది ఇప్పటికే జరుగుతోంది. మనది అంచు మీద నిలబడి ఉంది. పైనుంచి కుళ్లే సరుకు ఎంత ఎక్కువ దిగితే అంత ప్రమాదం. పట్టణాల మురుగు, వరిచేల ఎరువులు, పరిశ్రమల నీళ్లు అన్నీ ఆ లెక్కలో ఉన్నాయి, మనమొక్కళ్లమే దోషులం అని నేను అనను. వాళ్ల సంగతి వాళ్లని అడగాలి, అడుగుదాం కూడా. మన తూము మాత్రం మన చేతిలో ఉంది.

పోయిన వేసవిలో ఒకే డ్రెయిన్ మీదున్న మా చెరువుల లైనంతా ఒకేసారి పట్టుబడి అయింది. నాలుగు రోజుల తర్వాత బండి మీద మొగ దాకా వెళ్లాను. ఇంజను లేని నావ కాబట్టి వేట నిషేధం వర్తించని ఒక పెద్దాయన ఒడ్డున వల దులుపుకుంటున్నాడు. నన్ను చూసి వల కొస ఎత్తి చూపించాడు. కన్నాలన్నిటికీ గోధుమరంగు జిగట పట్టేసి, ఎండకి ఆరి, వేలితో గీరితే పొట్టులా రాలుతోంది. బుట్టలో అరకిలో చిన్న చేపలున్నాయి. "మీ చెరువులు పట్టుబడైన వారం మాకు వల వేసినా ఒకటేనండి, వెయ్యకపోయినా ఒకటేనండి" అన్నాడు. కోపంగా అనలేదు. వర్షం వస్తే ఇంతేనండి అన్నట్టు అన్నాడు. అదే నాకు ఎక్కువ బాధనిపించింది. ఆయన పక్కన నిలబడి చూస్తే అవతల గట్టున ఒకప్పుడు మడ చెట్లున్న చోట చెరువులే కనపడుతున్నాయి. రాలిన మడ ఆకే చిన్న రొయ్యకి తిండీ, నీడా. మడ వేళ్ల మధ్యనుంచే ఆ నీళ్లు వెళ్లి ఉంటే బురద సగం అక్కడే దిగేది. అవి కొట్టినప్పుడు మాలో ఒక్కరం కూడా వద్దనలేదు.

తీరంలోని చెరువులని నియంత్రించే కేంద్ర సంస్థ కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ నిబంధనల్లో, వదిలే నీటిని శుద్ధిచేసే ఏర్పాటు ఉండాలని ఉంది. మనలో ఎక్కువమందికి రెండెకరాలు, నాలుగెకరాలు. ఆ రూలు పెద్ద చెరువులకేగానీ మనకి కాదనుకుంటాం. కానీ వంద చిన్న చెరువులు ఒకే డ్రెయిన్ మీద ఉంటే సముద్రానికి అది ఒకే పెద్ద చెరువు. కాబట్టి లైన్‌కి ఒకటి చొప్పున ఉమ్మడి నిలవ చెరువు పెట్టుకుందాం. మొత్తం నీళ్లు నిలబెట్టే స్థలం మన దగ్గర లేదని నాకూ తెలుసు. చెరువు ఖాళీ చేసేటప్పుడు పైనీళ్లు కాస్త తేటగానే ఉంటాయి, అడుగు బురద కలిసి వచ్చే చివరి పావు వంతే అసలు విషం. ఆ పావు వంతయినా రెండు మూడు రోజులు నిలబెడితే బురద దిగిపోతుంది. వైట్‌స్పాట్ అనే వైరస్ తెగులు వచ్చిన చెరువు నీళ్లయితే బ్లీచింగ్ వేసి, దాని ఘాటు పూర్తిగా పోయేదాకా ఆపి తీరాలి. ఆ బ్లీచింగే మొగలోకి పోతే అక్కడి ప్లాంక్టన్ కూడా చస్తుంది. ఇరుగుపొరుగు మాట్లాడుకుని పట్టుబడి తేదీలు కొంచెం ఎడంగా పెట్టుకుంటే మనకీ రేటు పడిపోకుండా ఉంటుంది.

సంఘాల పెద్దలని ప్రత్యేకంగా అడిగేది ఒకటుంది. మనం ప్రతి వారం ల్యాబ్‌కి చెరువు నీళ్లు పంపిస్తాం. అదే సీసాల్లో నెలకోసారి డ్రెయిన్ చివర నీళ్లు కూడా పంపించండి. అమ్మోనియా, డీఓ, ప్లాంక్టన్ రకాలు, సెక్కీ రీడింగ్ రాయించి సంఘం బోర్డు మీద పెట్టండి. ఖర్చు ఒక మేత సంచీ అంత కూడా ఉండదు. ఏడాది తిరిగేసరికి ఏ నెలలో మన వల్ల ఏమవుతోందో మన చేతిలోనే లెక్క ఉంటుంది. ఎవరో వచ్చి మన మీద కేసు వేసేదాకా ఆగడం ఎందుకు? 1996లో తీరంలోని రొయ్యల చెరువులు తొలగించాలని సుప్రీంకోర్టు తీర్పు వచ్చినప్పుడు మనవాళ్లు పడ్డ టెన్షన్ చూసిన రైతులు ఇంకా మన మధ్యే ఉన్నారు.

మా లైన్ చివర డ్రెయిన్‌కి ఆనుకుని నాకు ఎకరం పావు చెరువుంది. వచ్చే వేసవి పంటకి దాన్లో సీడ్ వేయడం లేదు. నిలవ చెరువుగా వదిలేస్తున్నాను. గట్టు ఎత్తు చేయించాను, డ్రెయిన్ వైపు గట్టు మీద మడ మొక్కలు నాటించాను, రెండు వరసలు బతికాయి. మా డ్రెయిన్ మీద రైతులెవరైనా ఏప్రిల్ 15 తర్వాత పట్టుబడి చేసేవాళ్లు ముందురోజు ఫోన్ చేస్తే చాలు, పైపులు నా దగ్గరున్నాయి, ఇంజను కూడా ఉంది, డీజిల్ మాత్రం మీరు పోసుకోండి. వేరే డ్రెయిన్ల మీదున్న సంఘాలు మార్చిలోపు సమావేశం పెట్టుకుని ఈ సంగతి మాట్లాడండి. పిలిస్తే వస్తాను, సెక్కీ డిస్కూ ఒక సీసాడు మొగ నీళ్లూ పట్టుకుని వస్తాను.

మీ తోటి రొయ్య రైతు